మా వదినకు పట్టిన నిద్ర

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ దిండు వీపుకు పెట్టుకోండి, ఫోన్లు బోర్లించి పక్కన పడేయండి. టీ పోస్తున్నాను. ఇది చల్లారేలోపల సగం చెప్పేస్తాను, మిగతా సగానికి మళ్లీ పెడతాను. నాకు ఒక చెట్టు మీద కలిగిన కుళ్లు సంగతి ఇది. మనుషుల మీద కుళ్లుకునే వాళ్లను మీరు చూసే ఉంటారు. మోకాలెత్తు కూడా లేని ఎండుపుల్ల లాంటి చెట్టు మీద కుళ్లుకున్న మనిషిని చూడాలంటే, ఇదిగో, మీ ఎదురుగానే ఉన్నాను.

నేను కువైట్‌లో, రిగ్గైలో ఒక ఇంట్లో వంట చేస్తాను. మాది రాయచోటి దగ్గర పల్లె. పక్కింట్లో పిల్లలను చూసుకునే ఆమెది రాయచోటి టౌనే. వాళ్లు ముస్లింలు, మేము హిందువులం. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా మొదటిసారి గోడ మీదుగా తల పెట్టి "ఏం వదినా, కరేపాకు ఉండాదా?" అని ఆమె అడిగింది. "ఉండాది వదినా" అని నేను అందించాను. అంతే. మా వైపు ఒకసారి వదిన అనుకున్నామంటే ఎగతాళి చేసే హక్కూ, అలిగే హక్కూ రెండూ వచ్చేసినట్టే.

రెండిళ్ల మధ్య గోడ ఒక మూల పొట్టిగా ఉంటుంది. చెత్త డబ్బాలు పెట్టే మూల. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలు అయ్యాక, గిన్నెలు కడిగి బోర్లించి, చెరొక టీ గ్లాసుతో అటూ ఇటూ నిలబడేవాళ్లం. మేము మాట్లాడుకునేవన్నీ నొప్పులే. నాకు తల, ఆమెకు మోకాలు. నాకు నడుము, ఆమెకు మెడ. అన్నిటికంటే పెద్ద సంగతి నిద్ర.

"రాత్రి నాకు రెప్ప పడలేదు వదినా," అనేదాన్ని.

"నీకు రెప్పే పడలేదు. నాకు రెప్పలుండేదే మతి లేదు," అనేది ఆమె.

ఎవరు ఎక్కువ బాధపడ్డారో తేల్చుకునే పందెం అది. ఓడినా గెలిచినా మనసు తేలికపడేది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ మాటలు చెప్పలేం, వాళ్లు దిగులుపడతారు. ఇక్కడ మామాకు చెప్పలేం. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం. ఆమెకు మన తలనొప్పి కంటే మధ్యాహ్నం అన్నం ముఖ్యం, అది తప్పూ కాదు. కాబట్టి నా నొప్పికి చెవి అంటూ ఉంటే అది మా వదిన చెవి ఒక్కటే.

ఒక చలికాలంలో ఆ చెవి నాకు కాకుండా పోయింది.

వదిన పనిచేసే ఇంటి మామా కొందరు ఆడవాళ్లతో కలిసి ఎడారిలో చెట్లు నాటే పనిలో దిగింది. పొలాల చెట్లు కాదు, నీడనిచ్చే చెట్లూ కాదు. అర్ఫజ్ అని, ఆ ఇసుకలో తనంతట తాను మొలిచే చిన్న పొద. ఒకప్పుడు కనుచూపు మేర అదే ఉండేదట. గొర్రెలు మేసీ, కార్లు తొక్కీ, చలికాలం గుడారాలు వేసేవాళ్లు పీకీ, చాలా చోట్ల నున్నగా అయిపోయిందట. అది పోతే ఇసుకను పట్టుకునేది లేక, గాలి లేస్తే దుమ్మంతా ఊరి మీదికి వస్తుందట. అందుకని ఆ మామా మిద్దె మీద చిన్న చిన్న కుండీల్లో మొక్కలు పెంచి, శుక్రవారం పొద్దున కంచె వేసిన చోటికి తీసుకుపోయి నాటుతుంది. తోడుగా మా వదినను తీసుకుపోయేది. వంట పని ఆమెది కాదు కదా, శుక్రవారం పొద్దున ఆమెకు తీరిక. నాకెక్కడిది? శుక్రవారం మా ఇంట్లో పెద్ద భోజనం. మామా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు అందరూ నమాజు అయ్యాక వచ్చేస్తారు. పెద్ద పళ్లెంలో మజ్బూస్, మా బిర్యానీకి ఇక్కడి అక్కలాంటిది, దాని పక్కన దక్కూస్ అని టమాటా పచ్చడి. పొద్దున నుంచీ నేను పొయ్యి ముందే.

మొదటిసారి పోయి వచ్చిన రోజు వదిన గోడ దగ్గరికి వచ్చింది. ముఖం ఎండకు కమిలి ఎర్రగా ఉంది. చెప్పుల నిండా ఇసుక.

"పాపం, ఎండలో పని చేపిచ్చినారా?" అన్నాను, నిజంగానే జాలిపడి.

"ఏం పని వదినా! గుంత తీసేది, చెట్టు పెట్టేది, నీళ్లు పోసేది. మాట్లాడేవాళ్లు లేరు, పిలిచేవాళ్లు లేరు. ఊరికే గాలి. ఇంటికొచ్చి రెండు ప్లేట్లు తిన్యా."

మరుసటి శుక్రవారం నేను మామూలుగా పందెం మొదలుపెట్టాను. "రాత్రి నాకు రెప్ప పడలేదు వదినా."

ఆమె టీ ఊదుకుంటూ, "నేను పండుకుంటే పొద్దున పిల్లోళ్లు వచ్చి కదిపినారు, అప్పుడు లేచినా," అంది.

ఆ మాట విన్నప్పుడు నాకు ఎట్లా అనిపించిందో చెప్పమంటారా? ఇద్దరం ఒకే అరటాకు ముందు ఆకలిగా కూర్చుంటే, ఆమె ఒక్కతే ఎక్కడో తిని వచ్చి త్రేన్చినట్టు. మంచిదేలే అనాలి. నోటితో అన్నాను కూడా. కడుపులో మాత్రం ఎవరో పచ్చిమిరపకాయ నలిపారు.

వారాలు గడిచేకొద్దీ వదిన దగ్గర నొప్పులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. మెడ సంగతి ఎత్తడం మానేసింది. మోకాలు ఎట్లుంది అని నేనే అడిగితే, "ఏ మోకాలు?" అన్నట్టు చూసేది. ఎప్పుడు చూసినా మొక్కల మాటే. ఫలానా మొక్క చిగురు వేసింది, ఫలానా దాన్ని గొర్రె కంచె సందులోంచి మూతి పెట్టి కొరికింది. ఒక బల్లి వచ్చి దాని నీడలో పడుకుందట, ఆ బల్లి సంగతి టీ అయిపోయేదాకా చెప్పింది. నా తలనొప్పికి ఆ రోజు చోటే లేకపోయింది. బల్లికి ఉన్న విలువ నాకు లేదు!

"నీకు ఆ చెట్లే ఎక్కువైపాయలే," అన్నాను.

"కుళ్లుమోతుదానా," అని నవ్వింది. ఆ నవ్వు కూడా కొత్తగా, గొంతు లోపలి నుంచి వస్తోంది. అంతకుముందు అలా నవ్వేది కాదు.

తర్వాతి వారం ఒక చిన్న కుండీ గోడ మీద పెట్టింది. "పట్టుకో. నువ్వూ పెంచుకో."

నాకేం అక్కర్లేదు అన్నాను. ఆమె లోపలికి పోయాక తీసుకున్నాను. ఖాళీ నెయ్యి డబ్బాకు అడుగున మేకుతో చిల్లులు పొడిచి, అందులోకి మార్చి, పెరట్లో నా వంటింటి తలుపు పక్కన పెట్టాను. ఆ రోజే అనుకున్నాను, ఆమె మిద్దె మీద ఉన్న వాటన్నిటికంటే నాది లావుగా, ఎత్తుగా పెంచి గోడ మీద పెట్టి చూపిస్తాను, అప్పుడు చూద్దాం ఎవరు నవ్వుతారో అని.

మా వైపు చుట్టం వస్తే ఎట్లా పెడతామో మీకు తెలుసు కదా. వద్దంటే ఇంకో గరిటె, చేయి అడ్డం పెడితే వేళ్ల సందులోంచి ఇంకో గరిటె. కడుపు నిండింది అంటే మనకు మర్యాద తక్కువైనట్టు. నేను చెట్టుకూ అట్లాగే పెట్టాను. పొద్దున బియ్యం కడిగిన నీళ్లు. మధ్యాహ్నం అన్నం వార్చిన గంజి, అందులో మామూలుగా వేసే ఉప్పుతో సహా. మా పల్లెలో కరేపాకు చెట్టు బియ్యం నీళ్లతోనే ఇంటి చూరు దాటింది, ఇది మాత్రం దాటదా? కోడిగుడ్డు పెంకులు నలిపి వేశాను. టీ పొడి వేశాను. సాయంత్రం మళ్లీ ఒక చెంబు మంచినీళ్లు, ఎడారి చెట్టు కదా, పాపం ఎన్నాళ్ల దాహమో అని.

కొన్నాళ్లు బాగానే పచ్చబడింది. ఇంకేం, గోడ మీద పెట్టే రోజు దగ్గరికొచ్చింది అనుకున్నాను. ఇంతలో ఆకులు పసుపెక్కాయి, కొమ్మలు మెత్తబడి వంగిపోయాయి. పట్టుకుంటే మొదలు నల్లగా చేతికి ఊడి వచ్చింది. డబ్బా నుంచి పుల్లగంజి వాసన.

వదిన గోడ మీద నుంచి తొంగి చూసి ముక్కు మూసుకుంది. "ఏం పోసినావు మే దీనికి?"

చెప్పాను.

"యా అల్లా! చుట్టానికి పెట్టినట్టు పెట్టి సంపితివి గదా! గంజి గూడానా? ఇంకా నయం, ఊరగాయ ఏయలేదు." ఆమె గోడ పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఇంకో కుండీ తెచ్చి పెట్టింది. "దీన్ని సూడగాకు. దీనితో మాట్లాడగాకు. పో."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రెండో చెట్టును అదే డబ్బాలో కొత్త ఇసుక పోసి పాతి, గోడ మూలకు తోసేశాను. బతికితే బతుకు, చస్తే చావు అని దాని వైపే చూడలేదు. ఒక వాన పడింది. ఇంకెప్పుడో కోపంగా ఒక గ్లాసు నీళ్లు విసిరాను. అది బతికింది! నా ప్రేమకు చచ్చిన చెట్టు నా కోపానికి చిగురు వేసింది.

చచ్చిందేమో చూద్దామని పొద్దున్నే పెరట్లోకి పోవడం అలవాటైంది. వంటింట్లో దీపం వేయకముందే, గోడ మీద ఎండ పడుతుండగా, దాని ముందు చతికిలబడి చూసేదాన్ని. ఇంకా చావలేదా అని దాన్ని తిట్టేదాన్ని. బూడిద రంగులో ఇంతింత ఆకులు, నలిపితే ఒక ఘాటు వాసన. ఆ వాసన వేలికి పట్టుకుని మధ్యాహ్నం దాకా ఉండేది. తల బరువు మునుపటి కంటే తగ్గిందని నాకు తెలుస్తూనే ఉంది. నొప్పికి తలకు కట్టే గుడ్డ పెట్టెలోనే ఉండిపోయింది. ఈ సంగతి వదినకు మాత్రం చెప్పలేదు. చెబితే ఆమె గెలిచినట్టు కాదా?

మా ఇంట్లో పెద్ద మామా ఉంది, అంటే మా మామా తల్లి. చక్రాల కుర్చీలో ఉంటుంది. ఆమె మాట్లాడటం ఎప్పుడో తగ్గించేసింది, ఏం పెట్టినా రెండు ముద్దలు తిని తల తిప్పేసుకుంటుంది. పొద్దున కాసేపు ఎండలో కూర్చోబెడతాను. ఒకరోజు కుర్చీని నా డబ్బా పక్కన ఆపి, నేను లోపలికి పోయి వచ్చేసరికి, ఆమె వంగి ఒక ఆకు తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని ఉంది.

"అర్ఫజ్," అంది. "ఇది ఎవరు తెచ్చారు?"

"నేనే మామా," అన్నాను. అబద్ధమేం కాదు కదా, డబ్బా నాదే.

ఆ రోజు ఆమె మాట్లాడిన మాటలు, నేను ఆ ఇంట్లో చేరినప్పటి నుంచీ మాట్లాడిన వాటికంటే ఎక్కువ. చిన్నప్పుడు వానలు పడ్డాక వాళ్లంతా ఎడారికి పోయి గుడారాల్లో ఉండేవారట. ఎండిన అర్ఫజ్ పుల్లలు ఏరుకొచ్చి వాళ్లమ్మ టీ కాచేదట. టీలోనూ, జుట్టులోనూ, గొంగళ్లలోనూ అదే పొగ వాసన. నాకు మా అమ్మ కంప పొయ్యి గుర్తొచ్చింది. పెద్ద మామా వేలికీ నా వేలికీ ఒకటే వాసన.

నాకంటూ ఒకటి దొరికింది అనుకున్నాను. ఇంతలో గోడ మీద నుంచి వదిన తల లేచింది. ఆమె అరబ్బీ నా అరబ్బీ లాంటిది కాదు, పిల్లలతో మాట్లాడి మాట్లాడి నీళ్లలా పారుతుంది. ఎక్కడ నాటుతున్నారో, వఫ్రా దారిలో కంచె ఎంత దూరమో, బల్లి సంగతో, అన్నీ పెద్ద మామాకు చెప్పింది. పెద్ద మామా నవ్వింది. నా పెద్ద మామా, నా చెట్టు పక్కన కూర్చుని, మా వదిన మాటకు నవ్వింది! నేను ఉల్లిపాయల పళ్లెం పట్టుకుని నిలబడి చూశాను. ఉల్లిపాయల వల్ల కళ్లు మండాయని చెప్పుకోవచ్చు.

అప్పటి నుంచి పెద్ద మామా ఒకటే పట్టు. నేను పోతాను, ఈ చెట్టు నా చేత్తో నాటుతాను అని. శుక్రవారం కూతుళ్లూ కొడుకులూ వస్తారు, ఎట్లా పోతావు అంది మా మామా. "వాళ్లు ప్రతివారం వస్తారు. నేను ప్రతివారం ఉంటానా?" అంది పెద్ద మామా. "ఖలాస్." ఇక ఆ మాట మీద మాట లేదు.

కుర్చీ తోయడానికి ఎవరో ఒకరు కావాలి. పెద్ద మామాను లేపేది, కూర్చోబెట్టేది, చెప్పులు తొడిగేది నేనే. చెట్టు నాది. అంటే నేను పోతాను. ఎన్ని శుక్రవారాలు గోడకు ఇటువైపు నిలబడి విన్నానో, ఆ గాలి, ఆ నిశ్శబ్దం, ఆ ఇసుక ఇప్పుడు నాకూ దొరుకుతాయి. ఉల్లిపాయలు వేగుతుంటే నాలో నేనే పాడుకున్నాను.

గురువారం మా మామా వంటింట్లోకి వచ్చింది. "రేపు పక్కింటి ఆమె అక్కడికే పోతోంది కదా, పెద్ద మామాను ఆమె చూసుకుంటుంది. ఆమెకు ఆ చోటు అలవాటే. నువ్వు భోజనం సంగతి చూడు. చిన్న తమ్ముడికి చేప కూడా కావాలట."

"సరే మామా," అన్నాను.

పొయ్యి మీద ఏం మాడిందో ఇప్పటికీ నాకు తెలియదు. నా చెట్టు పోతుంది, నా పెద్ద మామా పోతుంది, ఇద్దరినీ తీసుకుని మా వదిన పోతుంది. నేను చేపకు పసుపు పూస్తాను. ఆ గోడ ఇంకొంచెం పొట్టిగా ఉండి ఉంటే ఆమె జుట్టు పట్టుకునేదాన్నేమో. ఆమె చేసిన తప్పేమీ లేదని తెలిసినప్పుడు మంట ఇంకా ఎక్కువ, ఎందుకంటే తిట్టడానికి కూడా ఒక కారణం దొరకదు.

మా మామా పెరట్లోకి పోయి వదినను ఇటు రమ్మని పిలిచింది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

"రేపు మా అమ్మను చూసుకుంటావా? కుర్చీ తోయాలి."

వదిన గొంతు, నేను ఎన్నో నెలలుగా వినని పాత గొంతు, మూలుగు గొంతు వినిపించింది. "అయ్యో మామా, తప్పకుండా చేసేదాన్నే. నా మోకాలు! కుర్చీ ఇసుకలో దిగబడుతుంది. ఒక్కదాన్ని లేపలేను. నొప్పితో రాత్రంతా నిద్ర లేదు. రెండో మనిషి ఉండాలి, గట్టి మనిషి. మీ వంటామె అయితే పెద్ద మామాకు అలవాటు కూడా."

మోకాలట! నొప్పితో నిద్ర లేదట! ఆమె మిద్దె మెట్లు మేకపిల్లలా ఎక్కుతుండగా ఆ పొద్దునే చూశాను. తలుపు సందులోంచి చూస్తే, నమ్మకం కలిగించాలని నాలుగడుగులు కుంటింది కూడా. ఎడమ మోకాలు నొప్పి అని నాకు ఏళ్ల తరబడి చెప్పిన మనిషి, కుడి కాలు కుంటింది.

మా మామా నిట్టూర్చి, సరే అంది. ఆ శుక్రవారం మా ఇంట్లో హోటల్ భోజనం.

పొద్దున మా డ్రైవర్ కారు తీశాడు. ముందు సీట్లో పెద్ద మామా, వెనక నేను, నా ఒళ్లో డబ్బా, పక్కన దారి చూపడానికి వదిన. వదిన వాళ్ల మామా మా వెనక ఇంకో కారులో. ఇళ్లు అయిపోయాక కరెంటు స్తంభాలు, అవీ పలచబడ్డాక ఒక కంచె. కంచె తీగకు పాత ప్లాస్టిక్ కవర్లు చిక్కుకుని టపటపలాడుతున్నాయి. వదిన దిగగానే సంచి తీసి వాటిని ఏరడం మొదలుపెట్టింది, ఇంట్లో పొద్దున లేవగానే దుప్పటి మడిచినంత మామూలుగా.

కుర్చీ నిజంగానే దిగబడింది. ఆమె అబద్ధంలో ఆ ముక్క నిజం. ఇద్దరం చెరొకవైపు పట్టి, పెద్ద మామాను కుర్చీతో సహా పెళ్లికూతురిని మోసినట్టు మోసుకుపోయాం. పెద్ద మామా "యల్లా, యల్లా" అని మమ్మల్ని తోలింది. ఆమె చూపించిన చోట నేను గుంత తీశాను. వాన నీళ్లు నిలిచేటట్టు చుట్టూ పళ్లెంలా అంచు కట్టాలని వదిన చెప్పింది. డబ్బా కోసి చెట్టు తీస్తే వేళ్లు డబ్బా ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. పెద్ద మామా కుర్చీలోంచి వంగి, తన చేత్తో ఇసుక తోసింది. నేను ఒక సీసా నీళ్లు పోశాను. ఇంకో సీసాకు చేయి చాచాను.

వదిన నా మణికట్టు పట్టుకుంది. "మళ్లా వడ్డిచ్చేదానికి పోతాండావా? చాల్లే!"

పని అయ్యాక ముగ్గురం ఊరికే కూర్చున్నాం. ఎవరూ పిలవలేదు. గాలి చెవి పక్క నుంచి పోతోంది. దూరంగా వదిన అంతకుముందు నాటిన పొదలు వరుసగా, ఇసుకను మొదట్లో చిన్న చిన్న కుప్పలుగా పట్టుకుని నిలబడి ఉన్నాయి. నా గోళ్లలో ఇసుక, నాలుక మీద ఇసుక. పెద్ద మామా ఖర్జూరాలు అడిగి అడిగి తింది. నేనూ తిన్నాను. తిరిగి వచ్చేటప్పుడు రిగ్గై ఎప్పుడు వచ్చిందో తెలియదు. వదిన భుజం మీద చొంగ కార్చుకుంటూ నిద్రపోయానట.

"లెయ్ మే, నా గుడ్డలన్నీ తడిపితివి," అని కదిపింది. నేను కళ్లు తెరిచి, "ఏ కాలు నొప్పి వదినా నీకు, ఎడమదా కుడిదా?" అన్నాను.

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "ఆ మొన్న నొచ్చింది యాదో ఒగటిలే."

అంతకుమించి ఆ సంగతి మేము మాట్లాడుకోలేదు. మర్నాడు గోడ మీద ఒక సీసా ఊరగాయ పెట్టాను, నా కోసం దాచుకున్నది. ఆమె తీసుకుంది.

ఇప్పుడు నాకు ప్రతి శుక్రవారం దొరకదు. పెద్ద మామాకు ఓపిక ఉన్నప్పుడు, చలి ఉన్న నెలల్లో, అప్పుడప్పుడూ పోతాం. మిగతా వారాలు నేను మజ్బూస్, ఆమె ఎడారి. మళ్లీ కుళ్లే. ఎండలు ముదిరే ముందు పోయి చూస్తే, ఆమె నాటిన పొదలు పసుపు చల్లినట్టు పూసి ఉన్నాయి. నాది బతికే ఉంది, ఆకులు ఉన్నాయి, ఒక్క పువ్వు లేదు.

"నీది గూడా పూస్తాదిలే వదినా, నిదానంగా," అంది ఆమె, ఎంతో జాలిగా. ఆ జాలికి మళ్లీ పచ్చిమిరపకాయ నలిగింది.

గోడ దగ్గర టీ మాత్రం మానలేదు. పందెం కూడా మానలేదు, తిరగబడిందంతే. "రాత్రి నేను పండుకునేదే మతి లేదు," అంటుంది ఆమె. "నేను పండుకునే ముందే నిద్రపోయినా," అంటాను నేను. ఒకోసారి అబద్ధం చెబుతాను. ఓడిపోవడం నాకు ఇష్టం లేదు.

సరే, మీ టీ కూడా అయిపోయింది. ఇంత సేపు నా కుళ్లంతా ఓపికగా విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో తల వాల్చిన ప్రతి ఒక్కరికీ కంటి నిండా నిద్ర పట్టాలి. మీ గడప పక్కన ఏదో ఒక పచ్చటి ఆకు మీ కోపానికైనా చిగురు వేస్తూ ఉండాలి. మీ ముసలివాళ్లు అడిగి అడిగి తినాలి. మీ గోడ ఒక మూల పొట్టిగా ఉండి, దానికి అవతల మీ కోసం తప్పు కాలు కుంటే వదిన ఒకతె దొరకాలి.